ఆగమన్నది ఎవరు?

బెంగుళూరు నుంచి జోలార్‌పేట వైపు వెళ్ళే రైలు, కుప్పం స్టేషను అల్లంత దూరంలో వుందనగా చటుక్కున ఆగిందనుకోండి. అయిదు నిమిషాల దాకా ఎవరూ పట్టించుకోరు. పది నిమిషాలయ్యేసరికి పెట్టెలో పంచాయితీ మొదలవుతుంది. ‘ఇంజను చెడిపోయింది’ అంటారొకరు. ‘ఎవరో చెయిను లాగారు’ అంటారింకొకరు. కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన, డ్రైవరు టీ తాగడానికి దిగాడని కళ్ళారా చూసినట్టే చెబుతారు. చాలాసార్లు వీటిల్లో ఏదీ జరిగి వుండదు. ముందు బండి ప్లాట్‌ఫారం వదల్లేదు. అంచేత మనకి సిగ్నలివ్వలేదు. మనం కదల్లేదు గనక బంగారుపేట దాటి మన వెనకే వస్తున్న బండి కూడా ఎక్కడో పొలాల మధ్య నిలబడి వుంటుంది. ఇంజను నిక్షేపంగా వుంది. డ్రైవరు తన చోటనే వున్నాడు. అయినా రెండు రైళ్ళలో వున్న జనమంతా విసనకర్రలు విసురుకుంటూ కూర్చున్నారు.

జబ్బు చేసి పడిపోవడం వేరు, ఎదురుచూస్తూ నిలబడిపోవడం వేరు. కాని బయటినుంచి చూసేవాళ్ళకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

కంప్యూటర్లకి సరిగ్గా యిలాంటి చిక్కే ఒకటుంది. ‘యూనిక్స్’ అనే పద్ధతిమీద నడిచే కంప్యూటర్లలోనూ, దాని పోలికతో తరవాత పుట్టిన ‘లైనక్స్’ వంటివాటిలోనూ, తెరమీద పారుతున్న రాతని ఎవరైనా ఒక్క క్షణం ఆపితే, ఆ రాత రాస్తున్న ప్రోగ్రాము కొంతసేపటికి ఆగిపోతుంది. దానిమీద ఆధారపడిన రెండోది ఆగుతుంది. దాని వెనకున్న మూడోదీ ఆగుతుంది. ఏదీ చెడిపోలేదు. ఎక్కడా తప్పు జరిగినట్టు ఒక్క ముక్క కనిపించదు. ఏమిటో, అన్నీ అలా నిలబడి వుంటాయి!

‘వంటింటికీ యీ యూనిక్స్‌కీ సంబంధమేమిటమ్మా?’ అంటారేమో. మీ చేతిలో వున్న సెల్‌ఫోను ఆండ్రాయిడ్ అయితే దాని లోపల వున్నది లైనక్సే. మనం వాడే యింటర్నెట్టు వెనక ఎక్కడో చల్లటి గదుల్లో రాత్రింబవళ్ళు నడుస్తున్న కంప్యూటర్లలో చాలా భాగం యీ కుటుంబానివే. అంచేత వాటి అలవాట్లు కాస్త తెలుసుకుంటే నష్టం లేదు. పైగా యీ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందన్నది చక్కని కథ.

కథ కంప్యూటర్లకంటే చాలా ముందే, తంతి ఆఫీసులో మొదలవుతుంది. టెలిగ్రాం వచ్చిందంటే గుండె జారిపోయే రోజులు మనలో చాలామందికి గుర్తే. మన దేశంలో ఆ సేవ 2013 జూలైలో ముగిసిపోయింది. ఆ తంతి తీగకి ఒక కొసన ఒకాయన టకటకా కొడుతూ వుంటే, రెండో కొసన యింకొకాయన విని రాసుకునేవాడు. వినేవాడి పెన్సిలు ముక్క విరిగితే? ఎవరో వచ్చి పలకరిస్తే? అందుకని మోర్స్ భాషలో ఒక గుర్తు పెట్టుకున్నారు. చుక్క, గీత, తరవాత మూడు చుక్కలు. ‘కాస్త ఆగు’ అని దానర్థం. అవతలివాడు ఆగేవాడు. ఇద్దరూ మనుషులు గనక చిక్కులేదు. మరీ ఆలస్యమైతే ‘ఏమయ్యా, వున్నావా?’ అని పలకరించుకునేవాళ్ళు.

మనుషుల స్థానంలో యంత్రాలు వచ్చాక కూడా ‘ఆగు’ అనే మాట అవసరమైంది. అమెరికాలో టెలిటైప్ కార్పొరేషన్ అనే కంపెనీ 1963లో ‘మోడల్ 33’ అనే యంత్రాన్ని తెచ్చింది. చూడ్డానికి పెద్ద టైపుమిషనులా వుంటుంది. మనం టైపు చేస్తే తీగమీద అవతలికి వెళుతుంది. అవతలినుంచి వస్తే యిక్కడ కాగితంమీద అచ్చవుతుంది. సెకనుకి పదక్షరాలు, అంతకు మించి దానివల్ల కాదు. పక్కనే చిల్లులు పొడిచిన కాగితపు రిబ్బనుని చదివే పరికరం కూడా వుండేది. ముందుగా రిబ్బనుమీద చిల్లులు పొడిచి పెట్టుకుంటే అది తనంతట తానే చదివి పంపించేస్తుంది.

అదే సంవత్సరం అక్షరాలకి నెంబర్లిచ్చే ‘ఆస్కీ’ అనే పట్టిక వెలువడింది. అందులో కొన్ని నెంబర్లు కాగితంమీద ఏమీ అచ్చు వెయ్యవు. అవి యంత్రానికిచ్చే ఆజ్ఞలు. వాటిలో 17వ నెంబరు వస్తే రిబ్బను చదివే పరికరం నడవాలి. 19వ నెంబరు వస్తే ఆగాలి. అవతలి కంప్యూటరు, ‘అమ్మో, పంపింది చాలు, మింగలేకుండా వున్నాను’ అనుకుంటే 19 పంపేది. ఊపిరి తీసుకున్నాక 17 పంపేది. ఇంగ్లీషు అక్షరాలు వేళ్ళమీద లెక్కపెట్టి చూడండి. 17వది ‘క్యూ’, 19వది ‘ఎస్’. కంట్రోల్ మీట పట్టుకుని క్యూ నొక్కితే ‘కానీ’ అనీ, ఎస్ నొక్కితే ‘ఆగు’ అనీ అర్థం వచ్చింది అందువల్లనే. ఎస్ అంటే ‘స్టాప్’ కాబోలునని అనుకునేవాళ్ళున్నారు. అది కాకతాళీయం, అంతే.

1969లో న్యూజెర్సీ రాష్ట్రంలోని మర్రీ హిల్‌లో, బెల్ లాబ్స్ అనే పరిశోధనాలయంలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనే యిద్దరు యూనిక్స్‌కి శ్రీకారం చుట్టారు. వాళ్ళు కూర్చుని పనిచేసింది యీ మోడల్ 33 ముందే. సెకనుకి పదక్షరాలు కొట్టే యంత్రం ముందు పొడుగాటి మాటలు రాయడానికి ఎవరికి ఓపిక? అందుకే యూనిక్స్‌లో మాటలన్నీ పొట్టివి. కాపీ చెయ్యమనడానికి ‘సీపీ’, పేర్ల జాబితా చూపమనడానికి ‘ఎల్ఎస్’. టెలిటైప్ అన్న పేరుని కుదించి ‘టీటీవై’ అన్నారు. ఆ యంత్రాలు పాతసామాన్ల వాళ్ళ పాలై ఎన్నో ఏళ్ళయింది. కాని యీనాటికీ లైనక్స్ కంప్యూటరుని ‘నేను నీతో ఎక్కడినుంచి మాట్లాడుతున్నాను?’ అని అడగాలంటే ‘టీటీవై’ అనే టైపు చెయ్యాలి. కోడలికి అత్తగారి పేరు మిగిలినట్టు.

కాగితం పోయి గాజు తెర వచ్చాక కథ మలుపు తిరిగింది. 1978లో డిజిటల్ కంపెనీ ‘వీటీ 100’ అనే తెరని అమ్మకానికి తెచ్చింది. అడ్డంగా 80 అక్షరాలు, నిలువుగా 24 వరసలు, మొత్తం 1920 అక్షరాలు. పాత టెలిటైపు అంత రాత అచ్చు వెయ్యడానికి మూడు నిమిషాలపైన పట్టేది. కొత్త తెరకి సెకనుకి 960 అక్షరాలు పంపితే రెండు సెకన్లలో నిండిపోతుంది. నిండి వూరుకోదు. పైవరస అంచుదాటి మాయమవుతుంది. కాగితమైతే కిందపడ్డా మళ్ళీ తీసి చదువుకోవచ్చు. తెరమీదనుంచి పోయింది పోయినట్టే.

ఇప్పుడు మింగలేకపోయింది మనిషి! ఒకప్పుడు కంప్యూటరు రిబ్బనుని ‘ఆగు’ అనేది. ఇప్పుడు మనిషి కంప్యూటరుని ‘ఆగు తల్లీ, చదువుకోనీ’ అనవలసి వచ్చింది. వీటీ 100 మీద అందుకోసం ప్రత్యేకంగా ఒక మీటే పెట్టారు. అది నొక్కితే వెళ్ళేదీ ఆ పాత 19వ నెంబరే.

నిదానంగా పుచ్చుకునేది మనిషొక్కడే కాదు. ప్రింటరూ అంతే. తీగతో కలిపే ప్రింటర్లు ఎన్నో యీ 19, 17 నెంబర్లతోనే కంప్యూటరుతో బేరం చేసుకునేవి. కుప్పంలో 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ‘ఐ-కమ్యూనిటీ’ అనే పథకం మొదలుపెట్టాయి. అందులో భాగంగా కొందరు పల్లెటూరి ఆడవాళ్ళకి డిజిటల్ కెమెరాలూ, ఎండతో నడిచే చిన్న ప్రింటర్లూ యిచ్చి ఫోటోగ్రాఫర్లుగా తీర్చిదిద్దారు. ఫోటో తియ్యడం రెప్పపాటు పని. అచ్చు కావడం నిదానం. తీసేవాళ్ళు ఎంత చురుగ్గా వున్నా అచ్చు వేసే యంత్రం వేగమే చివరికి అందరి వేగం.

ఇక అసలు చిక్కు సంగతి. మనం ‘ఆగు’ అనగానే ప్రోగ్రాము ఆగదు. ఆ మాట దాని చెవినే పడదు. మధ్యలో టీటీవై అనే గుమాస్తా వున్నాడు కదా, ఆయన పట్టేసుకుంటాడు. తెరకి రాత పంపడం మానేసి, ప్రోగ్రాము యిచ్చింది యిచ్చినట్టు తన దగ్గరున్న చిన్న తొట్టిలో వేసుకుంటూ వుంటాడు. తొట్టి నిండిన తరవాత కూడా ప్రోగ్రాము యింకో ముక్క తెచ్చిందనుకోండి. అప్పుడు దాన్ని అక్కడే నిద్రపుచ్చుతారు. ఆ నిద్రలో దానికి కల కూడా రాదు. రాతతో పనిలేకుండా లోపల్లోపల లెక్కలు వేసుకునే ప్రోగ్రామైతే హాయిగా సాగిపోతుంది. మాట్లాడవలసి వచ్చినప్పుడే పట్టుబడుతుంది.

పైగా యూనిక్స్‌లో ప్రోగ్రాములు ఒంటరిగా వుండవు. ఒకదాని రాత యింకొకదానికి తిండి. తోటలో నీటి గొట్టాలు ఒకదానికొకటి బిగించుకున్నట్టు ప్రోగ్రాములని కలపాలని డగ్ మెకిల్‌రాయ్ అనే ఆయన 1964లోనే ఒక కాగితంమీద రాసి పెట్టారు. 1973లో కెన్ థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లోకి తెచ్చారు. దాని పేరు ‘పైపు’. తొలిరోజుల్లో ఆ పైపులో ఒకేసారి 4096 అక్షరాలు పట్టేవి. ఈనాటి లైనక్స్‌లో మామూలుగా 65,536 పడతాయి. పైపు నిండితే పోసేవాడు ఆగుతాడు. ఖాళీ అయితే తాగేవాడు ఆగుతాడు. కొస దగ్గర తెరముందు కూర్చున్న మనిషి ‘ఆగు’ అంటే ఆ మాట పైపుల వెంట వెనక్కి, వెనక్కి వెళ్ళి ఎక్కడో మొదట్లో వున్న ప్రోగ్రాము చేతిని పట్టుకుంటుంది.

మదనపల్లె టమోటా మార్కెట్టు చూసినవాళ్ళకి యిది బోధపరచనక్కర్లేదు. ఏ కారణంచేతనో ఒక పూట వేలం నిలిచిపోయిందనుకోండి. మొదట మండీల్లో జాగా నిండుతుంది. తరవాత బయట రోడ్డు వెంట బళ్ళు నిలుస్తాయి. ఆ తరవాత పుంగనూరు వైపు పొలంలో కోసిన కాయలు గట్టుమీదే వుండిపోతాయి. చివరికి, సాలులో వొంగి కాయ కోస్తున్న కూలిమనిషి చెయ్యి ఆగిపోతుంది. ఆమెకి మదనపల్లెలో ఏం జరిగిందో తెలియదు. గంప ఖాళీ కాలేదు, అంచేత కోత లేదు, అంతవరకే ఆమెకి తెలుసు.

అయితే ఒక్క తేడా వుంది. టమోటా ఎదురుచూడదు, పండిపోతుంది. అక్షరాలు కుళ్ళవు. యూనిక్స్ కట్టినవాళ్ళ ధైర్యం అదే. ఒక్క అక్షరం కూడా నేలపాలు కాకూడదు, ఎంతసేపైనా సరే ఆగుదాం అన్నారు. అది మర్యాదైన పద్ధతే. వినేవాళ్ళు సిద్ధంగా లేనప్పుడు మాట్లాడకుండా వూరుకునే సంస్కారం మనుషుల్లోనే అరుదు. కాని అక్షరాలు కుళ్ళకపోయినా, వాటికోసం కాచుకున్న మనుషుల పనులు కుళ్ళుతాయి.

పుంగనూరులో మా బంధువుల అమ్మాయి వుంది. మదనపల్లెలో ఇంజనీరింగు చదివి, బెంగుళూరులోని ఒక కంపెనీకి యింటినుంచే పనిచేస్తోంది. ఒక రాత్రి ఏదో ఫ్యాక్టరీ జీతాల లెక్క నడిపించే పని ఆ అమ్మాయికి అప్పగించారు. నల్లటి తెరమీద ఒక్కో మనిషి లెక్క పూర్తికాగానే ఒక్కో వరస పడుతూ వుంటుంది. తెల్లారేసరికి అయిపోవాలి. పడుకోబోయే ముందు, మిగతా పనుల్లో రోజంతా చేసే అలవాటుకొద్దీ, కంట్రోల్, ఎస్ కలిపి నొక్కి లేచింది. పాపం, రాసింది భద్రపరచడానికి అందరూ నొక్కేది అవే మీటలు. ఇక్కడ మాత్రం అది 19వ నెంబరు. 

తెల్లవారి చూస్తే తెర రాత్రి వున్నచోటే వుంది. తప్పు జరిగిందన్న మాట లేదు. వాళ్ళ కంపెనీలో పై ఉద్యోగిని ఫోనులో అంతా విని, ‘ఏమీ మూసెయ్యకు, కంట్రోల్ క్యూ నొక్కు’ అన్నారట. నొక్కగానే వరసలు గలగలా పారడం మొదలుపెట్టాయి. ఒక్క లెక్కా పోలేదు, ఒక్క అంకే చెడలేదు. కాని ఎనిమిది గంటలు పోయాయి. ఆ ఫ్యాక్టరీలో జీతాలు మర్నాటికి పడ్డాయి. ‘నేను ఆగమన్నానని నాకే తెలీదు చిన్నమ్మా!’ అని ఆ పిల్ల బిక్కమొహం వేసింది. ఒకరోజు ఆలస్యం మనకి పెద్దగా అనిపించకపోవచ్చు. ఒకటో తారీఖున అద్దె కట్టవలసిన యిల్లాలిని అడిగితే తెలుస్తుంది.

ఇది ఒక్క పనితో పోయింది. మొత్తం కంప్యూటరే నిలబడిపోయే సందర్భాలూ వున్నాయి. 1980లలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్‌మన్ అనే ఆయన ‘సిస్‌లాగ్’ అనే ఏర్పాటు చేశారు. మన పాతకాలపు వూరి కరణం వంటిదన్నమాట. ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళారు, ఏ ప్రోగ్రాముకి ఏమయింది, అన్నీ దానికి చెప్పుకోవాలి. అది చిట్టాలో రాసుకుంటుంది, ముఖ్యమైనవి కన్సోలు మీద కూడా వేస్తుంది. కన్సోలంటే ఆ కంప్యూటరుకి పెద్ద తెర. ఆ తెరని ఎవరో ‘ఆగు’ అని వదిలేసి యింటికి వెళ్ళిపోయారనుకోండి. జాగ్రత్త తీసుకోకుండా కట్టిన చోట్ల ఏమవుతుందంటే, కరణంగారి కలం ఆగుతుంది. ఆయనకి చెప్పుకోవడానికి వచ్చిన ప్రోగ్రాములు వరసగా నిలబడతాయి. దీన్ని బాగుచెయ్యడానికి ఒక మనిషి వచ్చి లోపలికి రాబోతే, ‘ఫలానావారు వచ్చారు’ అని ముందు చిట్టాలో రాయించాలి కదా! ఆయనా గుమ్మంలో నిలబడిపోతాడు. వైద్యుణ్ణి రానివ్వని జబ్బు అది.

తరవాతి వాళ్ళు కరణానికి కొత్త నీతి నేర్పారు. ‘తెర పుచ్చుకోకపోతే పట్టుబట్టి నిలబడకు, ఆ వరస వదిలేసి ముందుకు పో’ అన్నారు. దానివల్ల కంప్యూటరు నిలబడదు. కాని వదిలేసిన ఆ వరసలోనే రేపు కావలసిన కబురు వుండవచ్చు. ఆగితే కాలం పోతుంది, ఆగకపోతే మాట పోతుంది. రెండూ దక్కే ఉపాయం యింతవరకూ ఎవరికీ దొరకలేదు. ఎక్కడ ఏది పోగొట్టుకోవాలో ముందుగా ఆలోచించుకోవడమే చెయ్యగలిగింది.

ఇది యూనిక్స్ వారింటి గొడవేనని పక్కింటివాళ్ళు నవ్వనక్కర్లేదు. విండోస్‌లో నల్లటి కిటికీలో నడుస్తున్న ప్రోగ్రాము రాతమీద మౌసుతో నొక్కి కొంత ఎంచుకుంటే, అక్కడా ఆ ప్రోగ్రాము నిలబడిపోవడం కద్దు. ఎంపిక వదిలిందాకా కదలదు.

టెలిటైపులు పోయాయి, చిల్లుల రిబ్బన్లు పోయాయి. పాతతెర మీద మాయమైన వరసలని యిప్పుడు వెనక్కి జరిపి చూసుకోవచ్చు. మరి 19వ నెంబరు యింకా ఎందుకు బతికుంది? తద్దినంనాడు పిల్లి అడ్డొస్తోందని తాతగారు దాన్ని గంపకింద మూస్తే, మనవలు తద్దినంరోజున వూరంతా వెతికి పిల్లిని తెచ్చి మరీ గంపకింద మూశారట! సరిగ్గా అలాగే చాలా లైనక్స్ కంప్యూటర్లలో యీ ఏర్పాటు, ఎవరూ అడక్కపోయినా, మొదటినుంచీ అమర్చే వస్తుంది. వద్దనుకుంటే ‘ఎస్‌టీటీవై’ అనే ఆజ్ఞతో తీసెయ్యవచ్చు. ఆ ఆజ్ఞ పేరులో కూడా పాత టెలిటైపే దాక్కుని వుంది చూశారా! మా బంధువుల పిల్ల మర్నాడు చేసిన మొదటి పని అదే.

అయినా ఆ పిల్లిని పూర్తిగా తరిమెయ్యమని నేననను. చదివేవాళ్ళ వేగాన్ని బట్టి రాసేవాళ్ళు నడుచుకోవాలనే మర్యాద అందులో వుంది. 1978లో డేనియల్ హాల్‌బర్ట్ అనే ఆయన రాసిన ‘మోర్’ అనే చిన్న ప్రోగ్రాము ఆ మర్యాదనే చక్కగా అమలుచేసింది. ఒక తెర నిండగానే తనే ఆగి, అడుగున ‘ఇంకా వుంది’ అని రాసి కాచుకుంటుంది. ఆగానన్న సంగతి చెప్పి మరీ ఆగుతుంది. కంట్రోల్ ఎస్‌లో లోపించింది ఆ ఒక్క ముక్కే. ఆగడం తప్పుకాదు, ఆగానని చెప్పకపోవడంలోనే వుంది తంటా అంతా.

కనక, ఎప్పుడైనా మీ యింట్లో అబ్బాయో, అమ్మాయో నల్లటి తెర ముందు కూర్చుని, ‘ఇది చచ్చిపోయింది’ అంటూ స్విచ్చి ఆర్పడానికి చెయ్యి చాపితే, కూర తరుగుతున్న చోటునుంచే ఒక్క కేక వెయ్యండి, ‘ఆగరా, కంట్రోల్ క్యూ నొక్కి చూశావా?’ అని. తెర కదిలినా కదలకపోయినా, వాళ్ళు తల తిప్పి మీవైపు చూసే చూపు మాత్రం చూడవలసిందే.